నిన్న ఏం చేశావంటే నోరు పెగలడం లేదా?

ప్రశ్న: అన్నా, మాది హనుమకొండ, కిషన్‌పుర. డిగ్రీ అయిపోయింది. స్పానిష్ వస్తే హైదరాబాద్‌లో కాల్ సెంటర్ ఉద్యోగాల్లో జీతం కొంచెం ఎక్కువ ఇస్తారని ఆరు నెలల నుంచి ఆన్‌లైన్‌లో నేర్చుకుంటున్నాను. వర్తమానకాలం వరకు బాగానే నడిచింది. భూతకాలం మొదలయ్యాక అంతా కలగాపులగం. మూడు రకాల క్రియలు, ఒక్కోదానికి ఆరు రూపాలు, మొత్తం పద్దెనిమిది గళ్ళ పట్టిక. రోజూ పదిసార్లు రాస్తున్నా. రాయమంటే రాస్తా, కానీ క్లాసులో మేడమ్ "నిన్న ఏం చేశావు?" అని అడిగితే నోట్లోంచి మాట రాదు. రెండు నెలల్లో ఇంటర్వ్యూ ఉంది. మా నాన్నేమో ఇదంతా ఎందుకు, గ్రూప్స్‌కు చదువుకోరాదా అంటున్నాడు. అయేర్ యో ఎస్తూదియొ మూచొ, అయినా ఏం లాభం లేదు. నాకు భాషలు రావేమో. ఇంటర్వ్యూ వాయిదా వేసుకోమంటావా?

సమాధానం: చెల్లె, ఉత్తరం చివర నువ్వు రాసిన ఆ ఒక్క స్పానిష్ వాక్యంలోనే నీ రోగం మొత్తం కనిపించింది, దాని దగ్గరికి చివర్లో వస్తా. ముందు ఒకటి చెప్పు. పొద్దున మీ అమ్మ "ఏం తిన్నవే?" అని అడిగితే నువ్వు మనసులో పట్టిక గీసుకుని, ఉత్తమ పురుష ఏకవచనం ఏ గడిలో ఉందో వెతుక్కుని, అప్పుడు "ఉప్మా తిన్న" అంటున్నావా?

పోయిన, పోయినవ్, పోయిండు, పోయింది, పోయినం, పోయిన్రు. చూడు, ఆరు రూపాలు. ఎవరూ నేర్పలేదు, ఎక్కడా పదిసార్లు రాయలేదు, మూడేళ్ళ వయసుకే వచ్చేశాయి. నేను, నువ్వు, ఆయన అని ముందు చెప్పకపోయినా పోయింది ఎవరో మాట చివర్లోనే తెలిసిపోతుంది. స్పానిష్ పని చేసేది కూడా అచ్చం ఇట్లాగే. ఇంగ్లిష్‌లో ఎవరు పోయినా ఒక్క 'వెంట్'తో సరిపోతుంది, అందుకే ఇంగ్లిష్ వాళ్ళకు స్పానిష్ క్రియల చివర్లు చూస్తే గుండె గుభేలుమంటుంది. నీ చేతిలో ఉన్న పుస్తకం, నీ ఫోన్లో ఉన్న యాప్ అన్నీ వాళ్ళ భయానికి రాసిన మందులు, చెల్లె. నీకు ఆ భయం ఉండాల్సిన పనే లేదు, కానీ నువ్వు స్పానిష్‌ను ఇంగ్లిష్ మీదుగా నేర్చుకుంటున్నావు గనక వాళ్ళ భయం కూడా నీకు అంటుకుంది. కాజీపేట నుంచి వరంగల్ రావడానికి సికింద్రాబాద్ మీదుగా తిరిగొస్తున్నావు.

సరే, పట్టిక సంగతి చూద్దాం. పద్దెనిమిది గళ్ళు అన్నావు కదా, అందులో మూడు ఇప్పుడే కొట్టెయ్. 'బొసోత్రోస్' అనే వరుస, అంటే చనువున్న నలుగురిని కలిపి 'మీరు' అనడం, ముఖ్యంగా స్పెయిన్‌లో వాడతారు. లాటిన్ అమెరికాలో వాడరు, నీకు కాల్స్ వచ్చేది ఎక్కువగా అటు నుంచే. మిగిలినవి పదిహేను. ఇప్పుడు అసలు శుభవార్త, మీ మేడమ్ చెప్పే ఉంటుంది గానీ పట్టిక గోలలో నీకు వినపడి ఉండదు: క్రియలు ఆర్, ఎర్, ఇర్ అని మూడు రకాలుగా ముగుస్తాయి కదా, వర్తమానంలో కొన్ని రూపాల్లో వేర్వేరుగా నడిచే ఎర్ రకం, ఇర్ రకం భూతకాలంలో ఒక్కటైపోతాయి. తినడానికి వాడే చివర్లే నివసించడానికీ. అంటే ఇంకో ఐదు పోయాయి. మిగిలింది పది, రెండు వరుసలు.

మాట్లాడడం, అంటే అబ్లార్: అబ్లే, అబ్లాస్తె, అబ్లో, అబ్లామొస్, అబ్లారొన్. (ముందు హెచ్ అక్షరం రాస్తారు, పలకరు, అది తెలిసిందే.) మాట్లాడిన, మాట్లాడినవ్, మాట్లాడిండు, మాట్లాడినం, మాట్లాడిన్రు. తినడం, కొమేర్: కొమీ, కొమీస్తె, కొమియో, కొమీమొస్, కొమియేరొన్. నివసించడం బిబీర్ కూడా అంతే: బిబీ, బిబీస్తె, బిబియో, బిబీమొస్, బిబియేరొన్. వి అక్షరాన్ని వాళ్ళు 'బ' అనే పలుకుతారు గనక కొంచెం నవ్వొస్తుంది, నవ్వుకో, గుర్తుంటుంది.

ఇంకో పోలిక చూడు. మనం 'మీరు తిన్నారు' అంటాం, 'వాళ్ళు తిన్నారు' అంటాం, చివర ఒక్కటే. వాళ్ళకూ అంతే: 'ఉస్తేదెస్ కొమియేరొన్' అంటే మీరంతా తిన్నారు, 'ఎయోస్ కొమియేరొన్' అంటే వాళ్ళు తిన్నారు. తేడా వచ్చేది ఒక్కరినే గౌరవంగా మీరు అన్నప్పుడు. మనం ఒక్క మనిషికైనా బహువచనం వాడతాం, వాళ్ళు 'ఉస్తేద్'కు ఆయన, ఆమెల రూపమే వాడతారు. 'ఉస్తేద్ కొమియో' మన చెవికి 'మీరు తిన్నడు' అన్నట్టు ఎబ్బెట్టుగా ఉంటుంది, కానీ వాళ్ళ మర్యాద అదే. కస్టమర్‌తో మాట్లాడేది దాదాపు అంతా ఈ రూపంలోనే కాబట్టి నీ ఉద్యోగానికి 'నేను', 'మీరు' రెండూ ముందు నాలుక మీదికి రావాలి. 'నువ్వు' రూపం తర్వాత చూసుకుందువు గానీ. పైగా ఆడ, మగ తేడా లేదు, తిన్నడు, తిన్నది రెండిటికీ ఒకే కొమియో. మనకన్నా ఒకటి తక్కువే.

ఇప్పుడు అసలు ప్రమాదం ఎక్కడుందో చెప్తా, ఎందుకంటే నేను అందులో పడ్డాను.

హైదరాబాద్‌లో ఒక కంపెనీలో మెక్సికో కస్టమర్ల బిల్లుల ఫిర్యాదులు చూసేవాణ్ణి, రాత్రి షిఫ్టు. ఒకాయన బిల్లు కట్టేశాడు, మా సిస్టమ్‌లో ఎక్కలేదు. అక్కడి ఆఫీసుకు మెయిల్ పెట్టాలి: 'ఈ కస్టమర్ ఇప్పటికే కట్టాడు'. 'యా పగో' అని రాయాలి. ఆఖరి ఓ అక్షరం నెత్తిన చిన్న గీత పెట్టాలి, దాన్ని తిల్దె అంటారు. తెల్లవారుజామున మూడింటికి గీత ఎవడు పెడతాడు? పెట్టలేదు. గీత లేకపోతే అది 'యా పాగొ' అవుతుంది, అంటే 'ఇదిగో, కట్టేస్తున్నా'. అటు నుంచి జవాబు రావడం రావడమే, మీరు పెద్ద మనసుతో కస్టమర్ బాకీ కడతామన్నందుకు సంతోషం, ఏ కార్డుతో కడతారు అని. వాళ్ళు వేళాకోళం ఆడారు గానీ మా టీమ్ లీడర్ దాన్ని ప్రింట్ తీసి గోడకు అంటించాడు. మూడు నెలలు అక్కడే ఉంది.

అందుకే చెప్తున్నా, నేను, ఆయన రూపాల్లో ఆ గీతకు ప్రాణం ఉంది. నొక్కి పలకాల్సింది ఎక్కడో అది చెప్తుంది. మన తెలుగులో ఇట్లా మాటలో ఒక చోట నొక్కి అర్థం మార్చడం లేదు, మనకు ఉన్నది దీర్ఘం. అందుకని నాదో దొంగ పద్ధతి ఉంది, పండితులు ఒప్పుకోకపోయినా నాకు పని చేసింది: నొక్కాల్సిన చోట దీర్ఘం పెట్టుకుని తెలుగులో రాసుకుంటాను. ఆబ్లొ అంటే నేను మాట్లాడతా. అబ్లో అంటే ఆయన మాట్లాడిండు. పాగొ, పగో. తోమొ (తీసుకుంటా), తొమో (తీసుకుండు). దీర్ఘం ముందుంటే వర్తమానం, చివరికి జరిగితే భూతం. ఈ వ్యాసంలో స్పానిష్ క్రియల్ని చాలావరకు అట్లాగే రాస్తున్నా, గమనించావో లేదో. నిజానికి స్పానిష్‌లో అది దీర్ఘం కాదు, కొంచెం బలంగా పలకడం, కాబట్టి మరీ సాగదీయకు, సీరియల్ డైలాగ్‌లా ఉంటుంది. ఇంకోటి, ఇది చెవి కోసం మాత్రమే. పరీక్షలో, మెయిల్‌లో వాళ్ళ లిపిలోనే రాయాలి, గీతతో సహా. ఫోన్లో ఆ అక్షరాన్ని కాసేపు నొక్కి పట్టుకుంటే గీత ఉన్నది పైకి వస్తుంది.

ఆర్, ఇర్ రకాల 'మేం' రూపంలో ఈ తేడా ఉండదని కూడా తెలుసుకో. అబ్లామొస్ అంటే మాట్లాడతాం, మాట్లాడినం రెండూ. పక్కన అయేర్ (నిన్న) ఉంటే నిన్నటిది, లేకపోతే సందర్భం. దీనికి టెన్షన్ పడకు, వాళ్ళే పడరు. 'నువ్వు' రూపానికి చివర ఎస్ తగిలించే పొరపాటు కూడా నువ్వు చేసి ఉంటావు, కొమీస్తెస్ అని. మిగతా కాలాల్లో నువ్వు రూపానికి చివర ఎస్ ఉంటుంది, ఇక్కడ ఒక్కచోటే ఉండదు. పుట్టినప్పటి నుంచి స్పానిష్ మాట్లాడేవాళ్ళు కూడా బోలెడు మంది అట్లా అనేస్తారు, టీచర్లు తిడుతుంటారు. నువ్వు ఒక్కదానివే కాదు.

వర్తమానం బాగానే నడిచిందన్నావు కదా, అక్కడ నిన్ను ఏడిపించిన క్రియల్ని గుర్తు తెచ్చుకో. సాల్గొ (బయల్దేరతా), బుయెల్బొ (తిరిగొస్తా), పియెర్దొ (పోగొట్టుకుంటా), పియెన్సొ (ఆలోచిస్తా), కొనోస్కొ (నాకు తెలుసు), ఒక్కోటి ఒక్కో వంకర. భూతకాలంలోకి రాగానే ఇవన్నీ బుద్ధిమంతులైపోతాయి: సలీ, బొల్బీ, పెర్దీ, పెన్సే, కొనొసీ. మధ్యలో ఏ వంకరా లేదు. ఇది నాకు తెలిసిన రోజు నేను నిజంగా అన్యాయం అనుకున్నా, ముందే చెప్పొచ్చు కదా అని. వర్తమానంలో వంకర ఉంటే భూతంలో ఇంకెంత ఉంటుందో అని నెల రోజులు దాని జోలికే పోలేదు నేను. కొన్ని ఇర్ రకం క్రియలు మాత్రం ఆయన, వాళ్ళు రూపాల్లో కొంచెం తొణుకుతాయి: దొర్మీ అంటే పడుకున్నా, ఆయన పడుకుంటే దుర్మియో. పెదీ అంటే అడిగినా, ఆయన అడిగితే పిదియో. అంతే.

రాతలో వచ్చే ఇంకో చిక్కు, పగే (కట్టిన), యెగే (చేరుకున్న), బుస్కే (వెతికిన) లాంటివి. పుస్తకాలు వీటిని 'అక్షర మార్పు క్రియలు' అని విడిగా భయపెడతాయి. పలకడంలో ఏ మార్పూ లేదు. స్పానిష్ లిపిలో జి పక్కన ఇ అక్షరం వస్తే అది 'గ' పలకదు, గొంతులోంచి వచ్చే 'హ' అవుతుంది. ఆ 'గ'ను కాపాడుకోవడానికి మధ్యలో యు పెడతారు. అట్లాగే 'క' పోకుండా సి తీసేసి క్యు, యు పెడతారు. మన లిపిలో గే అంటే గే, ఏ అక్షరం పక్కన ఉన్నా గే, కాబట్టి మనకు ఈ బాధే తెలియదు. చెవితో నేర్చుకుని తర్వాత రాత సరిచేసుకో.

ఇక పట్టిక రాయడం ఈరోజుతో మానెయ్. దాని బదులు ఇది చెయ్. నీ నిన్నటి రోజును ఏడు చిన్న వాక్యాల్లో పైకి చెప్పు, అన్నీ 'నేను'తో. ఉదాహరణకు నా మొన్నటి సంగతి: సలీ దె కాస ఆ లాస్ సెయిస్. తొమే ఉన్ ఆటో. యెగే ఆ కాజీపేట. పెర్దీ ఎల్ త్రెన్. బెబీ ఉన్ తే. బొల్బీ ఆ కాస. కొమీ ఇ దొర్మీ. ఆరింటికి ఇంట్లోంచి బయల్దేరిన, ఆటో ఎక్కిన, కాజీపేట చేరిన, రైలు తప్పిపోయింది, చాయ్ తాగిన, ఇంటికొచ్చిన, తిని పడుకున్న. (లాటిన్ అమెరికాలో చాలాచోట్ల ఆటో అంటే కారు, కాబట్టి ఇది విన్నవాళ్ళు నేను కార్లో పోయాననుకుంటారు, అనుకోనీ.) చూడు, ప్రతి క్రియా చివర్లో ఎట్లా కొడుతుందో, సలీ, తొమే, యెగే, పెర్దీ, డప్పు మీద దరువు లాగా. ఆ దరువు చెవిలో పడిందంటే సగం పని అయిపోయినట్టే.

తర్వాత అదే కథను మీ నాన్నకు జరిగినట్టు చెప్పు: సలియో, తొమో, యెగో, పెర్దియో, బెబియో, బొల్బియో, కొమియో ఇ దుర్మియో. పైన చెప్పిన తొణుకుడు చివర్లో వచ్చింది, గమనించు. మూడో రోజు మీ ఇంట్లోవాళ్ళంతా కలిసి రైలు తప్పిపోయినట్టు చెప్పు. ఒక కథ, ముగ్గురు మనుషులు. పట్టికలో కిందికి దిగినట్టే, కానీ ఇక్కడ కళ్ళ ముందు కాజీపేట స్టేషన్ ఉంటుంది. ఒక జాగ్రత్త, ప్రతి వాక్యం ముందు 'యో' అనకు. యో కొమీ అంటే 'నేనైతే తిన్నా' అని నొక్కి చెప్పినట్టు. మనం కూడా మాటిమాటికీ నేను, నేను అనం కదా.

నువ్వు అడగలేదు గానీ ఇంకో రెండు వారాల్లో అడుగుతావు, కాబట్టి ఇప్పుడే చెప్పేస్తా. స్పానిష్‌లో ఇంకో భూతకాలం ఉంది, కొమీయ, అబ్లాబ అని చివర్లు ఉంటాయి. ఏది ఎప్పుడు వాడాలో ఇంగ్లిష్ పుస్తకాలు పేజీలకు పేజీలు రాస్తాయి. నీకు ఒక్క బతుకమ్మ చాలు. 'చిన్నప్పుడు ఏటా పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మ ఆడేదాన్ని', దీనికి బయిలాబ. 'నిన్న రాత్రి సద్దుల బతుకమ్మ ఆడిన', దీనికి బయిలే. ఆడేదాన్ని, ఆడిన. తినేదాన్ని, తిన్న: కొమీయ, కొమీ. తెలుగులో ఏది వస్తుందో నోటికే తెలుసు, దాన్ని అటు పెట్టడమే. 'నాన్న ఫోన్ చేసినప్పుడు చదువుకుంటున్నా' అనేదానిలో చదువుకుంటున్నా కూడా ఈ రెండో రకమే: ఎస్తుదియాబ క్వాందొ యమో మి పాద్రె. చదువు సాగుతోంది, ఫోన్ టక్కున వచ్చింది. ఈ రెండో రకంలో దారి తప్పిన క్రియలు భాష మొత్తంలో మూడే మూడు, సెర్ (ఉండడం), ఇర్ (పోవడం), బెర్ (చూడడం). కానీ ఇంటర్వ్యూ లోపల దీన్ని పెద్దగా తవ్వకు, మొదటిది గట్టిపడనీ.

ఇంటర్వ్యూ అంటే గుర్తొచ్చింది. వాళ్ళు అడిగే ప్రశ్నలోనే ఒక మెలిక ఉంటుంది. నిన్న ఏం చేశారు అంటే 'కె ఈసొ అయేర్?' అంటారు. ఈ 'ఈసొ' దారి తప్పిన క్రియ, దాని దీర్ఘం చూడు, ముందే ఉంది. అది వినగానే నువ్వు కూడా అదే క్రియతో జవాబు చెప్పాలేమో అని మెదడు ఆగిపోతుంది, క్లాసులో నీకు జరుగుతున్నది ఇదేనని నా అనుమానం. ప్రశ్నలో క్రియను వదిలెయ్, నీ జవాబుకు అది అక్కర్లేదు. ఎస్తుదియే, కొసినే, సలీ, అబ్లే కొన్ మి మాద్రె: చదివిన, వండిన, బయటికి పోయిన, అమ్మతో మాట్లాడిన. అన్నీ బుద్ధిమంతులే.

మీ గురించి చెప్పండి అని ఎట్లాగూ అడుగుతారు, దానికీ మామూలు క్రియలే సరిపోతాయి. నసీ ఎన్ హనుమకొండ, ఇక్కడ పుట్టిన. క్రెసీ అకీ, ఇక్కడే పెరిగిన. తెర్మినే లా కర్రేర, డిగ్రీ పూర్తి చేసిన, పక్కన సంవత్సరం పెట్టుకో. అప్రెందీ ఎస్పన్యోల్ ఎన్ కాస, ఇంట్లోనే స్పానిష్ నేర్చుకున్న. ఇందులో ఒక్కటి కూడా వంకర క్రియ లేదు. ఫుయి, ఈసె, తూబె లాంటి వంకరవి కొన్ని ఉంటాయి, రోజుకొకటి చొప్పున ఆ తర్వాత పట్టుకో. పోవడానికీ ఉండడానికీ ఒకే ఫుయి అని చదివినప్పుడు పుస్తకం అచ్చుతప్పు అనుకోకు, నిజంగానే అంతే.

వాయిదా మాత్రం వద్దు. రెండు నెలలు చాలా ఎక్కువ. నాకు భాషలు రావేమో అన్నావు, దానికి ఒక్కటే చెప్తా, స్పెయిన్ వాళ్ళ సెర్వాంతెస్ సంస్థ పాఠ్య ప్రణాళికలో కూడా ఈ కాలం మొదటి మెట్టు ఎ1లో ఉండదు, ఎ2లో వస్తుంది. ఆరు నెలలకు నువ్వు ఆగిపోయిన చోట అందరూ ఆగిపోతారు, నేను అక్కడే రెండు నెలలు కూర్చున్నా. మీ నాన్నతో వాదన పెట్టుకోకు. గ్రూప్స్ చదవాలో వద్దో అది వేరే ఉత్తరం, కావాలంటే రాయి.

ఇప్పుడు నీ వాక్యం. 'అయేర్ యో ఎస్తూదియొ మూచొ' అన్నావు. నిన్న నేను బాగా చదువుతాను అని అర్థం. దీర్ఘం తూ మీద ఉంది, దాన్ని చివరికి జరుపు, చివరి ఒ తీసేసి ఏ పెట్టు, యో తీసెయ్: అయేర్ ఎస్తుదియే మూచొ. రేపు పొద్దున మీ అమ్మ ఏం తిన్నవే అన్నప్పుడు మొదట స్పానిష్‌లో జవాబు చెప్పి, ఆవిడ ఏమన్నదో నాకు రాయి, 'అన్నది' అనడానికి వాడే 'దీహొ' వంకర క్రియ కాబట్టి ఆ ఒక్క మాట తెలుగులోనే రాయి.